రెండు చెంచాల మధ్య

"ఇవిగో చూడమ్మాయ్, నా చేతులు. సబ్బుతో మూడుసార్లు కడిగాను. నీలాగా ఒంటినిండా గోధుమపిండి పూసుకుని నేను ఈ వంటింట్లోకి రావడం లేదు."

"నేను మాత్రం వస్తున్నానా వదినా? స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడుగానీ ఈ గడప దాటను. కావాలంటే మీ తమ్ముణ్ణే అడగండి."

తమ్ముణ్ణి అడగడానికి వీల్లేదు. అతను స్నానాలగదిలో గడియ వేసుకుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచి ఇది ఆరోసారి. గురువారం ఒక చుక్క రక్తం, శుక్రవారం రెండు. ఈ ఆదివారం ఉదయం ఇక చుక్కలు లెక్కపెట్టే అవసరం లేకపోయింది.

ఏడాదిన్నరగా ఇంట్లో సంగతులన్నీ అతనికి ఈ తలుపు వెనకే తెలుస్తున్నాయి. కూతురికి లెక్కల్లో నూటికి నూరు వచ్చిందని ఇక్కడే విన్నాడు. భార్యను బేకరీలో పిండి కలిపే విభాగానికి పెద్దను చేశారని కూడా ఇక్కడే విన్నాడు. రెండుసార్లూ "భలే భలే" అని లోపల్నుంచే కేకేశాడు. మనిషికి శుభవార్త వినడానికి ఇంతకన్నా మంచి చోటు దొరక్కపోవడం ఏం ఖర్మో!

"మరి ఆ రక్తం ఎక్కణ్ణుంచి వచ్చిందంటావ్?" అక్క గొంతు.

"అదే నేనూ అడుగుతున్నాను. నలభై ఒక్క రోజులుగా గోధుమ లేదు, పాలు లేవు, కారం లేదు. కూరగాయల్లో గింజ కూడా తీసి పెడుతున్నాం. పుస్తకంలో ఒక్క తప్పు లేదు. డాక్టరమ్మ ఏమందో మీరూ విన్నారుగా?"

డాక్టరమ్మ అన్న మాట ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. తిండి సరిగ్గా ఉండి, మాత్రలు వేళకి పడుతూ ఉండి, అయినా పేగులో పుండు మళ్ళీ రేగిందంటే, ఆ మాత్ర ఇక ఈ ఒంటికి పనిచెయ్యనట్టే. సోమవారం పదింటికి రండి, పెద్ద మందు మొదలుపెడదాం. ఆ మందు రోగాలు అంటకుండా ఆపే ఒంట్లోని కాపుదలనే అణిచేస్తుంది. అది వాడేటప్పుడు నెలల తరబడి క్రేను ఎక్కడానికి నేను సంతకం పెట్టను.

ఆ సంతకం మంగళవారానికి కావాలి. లేకపోతే అతని కుర్చీ ఇంకొకరికి ఖాయమవుతుంది.

అతను క్రేను నడిపే మనిషి. కట్టడం పక్కన అరవై మీటర్ల ఎత్తున, ఇద్దరు పట్టని అద్దాల గదిలో పన్నెండేళ్ళు కూర్చున్నాడు. కిందివాళ్ళు అతన్ని పేరు పెట్టి పిలవడం ఏనాడో మానేశారు. 'పైవాడు' అంటారు. "ఇనుము ఎప్పుడొస్తుందిరా?" అని ఒకడంటే, "అంతా పైవాడి దయ" అని ఇంకొకడు. నలభై ఒక్క రోజుల కిందట ఆసుపత్రి నుంచి వచ్చాక అతన్ని కిందికి దించి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. పేరు మాత్రం దిగలేదు. ఇప్పుడు ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అతనికి ప్రాణం చివుక్కుమంటుంది.

అతను బయటికి వచ్చేసరికి వంటింట్లో మాటలు టక్కున ఆగిపోయాయి. ఇద్దరు ఆడవాళ్ళూ అతని ముఖంలోకి చూశారు. ఆ చూపు అతనికి బాగా అలవాటైపోయింది. ఎలా ఉన్నావని అడిగే చూపు కాదది, ఏం తిన్నావని అడిగే చూపు.

"సైటులో ఏమైనా తిన్నారా?" అంది భార్య.

"లేదు."

"ఎవరైనా బిస్కట్టు ఇస్తే..."

"లేదంటున్నానా!"

"వాడిమీద ఎందుకు పడతావ్? చిన్నప్పట్నుంచీ నేను పెడితే తినడమే గానీ, వాడంతట వాడు చెయ్యి చాచి ఎరగడు," అంది అక్క. తల్లి పోయిననాడు ఆమెకి పన్నెండేళ్ళు, అతనికి ఐదు. అప్పుడు చంకనెత్తుకున్న తమ్ముణ్ణి ఆమె నలభై ఏళ్ళొచ్చినా పూర్తిగా దించలేదు. అతన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజే, మొగుణ్ణి ఊళ్ళో ఒంటరిగా వదిలేసి, నాలుగు గంటల బస్సు ప్రయాణం చేసి వచ్చేసింది.

భార్య వంటగట్టు వైపు తిరిగింది. అతని గిన్నె, అతని గరిటె, అతని కంచం విడిగా ఉండే అలమార తెరిచి, ఉడికించిన అన్నం, మెత్తగా చేసిన క్యారెట్టు, గుడ్డు వడ్డించింది. కంచం కిటికీ పక్కన చిన్న బల్ల మీద పెట్టింది. అక్కడే అతని భోజనం. మొదట్లో అందరితో కలిసే తినేవాడు. అతని ఎదురుగా రొట్టె తుంచాలంటే వాళ్ళు మొహమాటపడేవారు. కూతురు దొంగలా పాలగ్లాసు చాటుగా తాగేది. అది చూడలేక అతనే కిటికీ దగ్గరికి మారాడు. ఎవరూ ఆపలేదు. ఆపుతారేమోనని మాత్రం అతను రెండు రోజులు ఎదురుచూశాడు.

కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా పసుపుపచ్చ క్రేను చెయ్యి కనబడుతుంది. ఆదివారం కూడా పని నడుస్తోంది. చెయ్యి నెమ్మదిగా తిరిగి ఆగింది. ఆగేటప్పుడు కొద్దిగా ఊగింది. అతను కూర్చున్న పన్నెండేళ్ళలో అది ఎన్నడూ అలా ఊగలేదు.

"నాన్నా, నొప్పి ఎంత?" పదేళ్ళ కూతురు పుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చి నిలబడింది. ఇంట్లో ఆమెను గుమస్తా అంటారు. డాక్టరమ్మ రాయమన్న తిండి పుస్తకం బాధ్యత ఆమెదే. వేళ, తిన్నది, నొప్పి, విరేచనం, మందు అని స్కేలుతో ఐదు గళ్ళు గీసింది. గుండ్రటి అక్షరాలతో ఒక్కపూట తప్పకుండా రాస్తుంది.

"పదికి ఆరు."

"నిన్న మూడన్నావు."

"నిన్న మూడే ఉంది తల్లీ."

గుమస్తా ఆరు వేసి, తండ్రి వంక ఒకసారి చూసి, వెళ్ళిపోయింది.

* * *

సాయంత్రం ఐదున్నరకి అతను మందుల షాపుకి బయల్దేరాడు. రాత్రి రెండు మాత్రలతో డబ్బా ఖాళీ అవుతుంది. షాపు ఇంటికి ఐదు నిమిషాల దూరం. పైవాడు దూరాన్ని ఇప్పుడు నిమిషాల్లో కొలవడు. దారిలో అవసరం పడితే తలుపు తట్టగలిగిన చోట్లు ఎన్ని అన్నదే లెక్క. ఈ దారిలో రెండున్నాయి.

షాపులో ఉండేది ఒక పెద్దావిడ. కళ్ళజోడుకి గొలుసు కట్టి మెడలో వేసుకుంటుంది. చీటీ చూడకుండానే డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవే, ఇంకాస్త చిన్నవి రావాండీ?"

"రావు. మింగడం కష్టంగా ఉందా?"

"మింగడం కాదండీ, మరీ గట్టిగా ఉంటున్నాయి. నూరడానికి మా అక్క నానా తంటాలు..."

అనేశాక గానీ అతనికి తెలియలేదు. కట్టుకున్న భార్యకి నలభై ఒక్క రోజులుగా చెప్పని సంగతి, మందుల షాపులో అలా జారిపోయింది.

సంగతి ఏమంటే, అరవై మీటర్ల నిచ్చెన చేత్తో పట్టుకుని ఎక్కే ఈ మనిషి మాత్ర మింగలేడు. చిన్నప్పుడోసారి గొంతుకి అడ్డం పడి ఊపిరాడలేదు. అక్క వీపు మీద గుద్ది గుద్ది కక్కించింది. అప్పట్నుంచీ జ్వరం వచ్చినా, దగ్గొచ్చినా, అక్క మాత్రని రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, అరటిపండులో కలిపి తినిపించేది. ఆసుపత్రిలో నర్సు నెత్తిమీద నిలబడితే కళ్ళు గట్టిగా మూసుకుని ఎలాగో మింగాడు. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి రెండుసార్లు కక్కుకున్నాడు. భార్య అప్పటికే నిద్రపోయింది. బేకరీ పని తెల్లవారకముందే మొదలవుతుంది, అందుకని ఆమె ఏడున్నరకల్లా పడుకుంటుంది.

"ఇటివ్వరా," అంది అక్క. రెండు చెంచాలు తీసింది.

"తనకి చెప్పకక్కా."

"నలభై ఏళ్ళొచ్చాయిరా నీకు!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే. ఆ నవ్వు కోసమైనా అతను మర్నాడూ అరటిపండు కోసం నోరు తెరిచాడు.

"నూరుతున్నారా?" షాపావిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఎప్పట్నుంచి?"

"ఇంటికొచ్చినప్పట్నుంచీనండి. ఏం?"

ఆవిడ డబ్బా విప్పి, ఒక మాత్ర తన అరచేతిలో వేసుకుని చూపించింది. ఇటుకరంగు మాత్ర, నున్నగా మెరుస్తోంది.

"ఈ పూత అందానికి వేశారనుకున్నారా? పొట్టలో కరిగిపోకుండా మందుని కింద పెద్దపేగు దాకా మోసుకెళ్ళేది ఇదేనండీ. దీన్ని పగలగొట్టారంటే మందు దారిలోనే అయిపోతుంది. పుండున్న చోటికి పోయేది ఎంతనీ? నూరకూడదు, నమలకూడదు అని లోపల కాగితంలో రాసే ఉంటుంది."

"ఆ కాగితంలో అక్షరాలు చీమల్లా ఉంటాయండీ."

"చీమలైనా చదవాలి నాయనా."

అతను కౌంటరు అంచు పట్టుకున్నాడు. "అయితే ఈ మందు నాకు పనిచెయ్యకపోవడం కాదా?"

"మీరు దాన్ని పనికి వెళ్ళనిస్తే కదా! వెళ్ళనిచ్చాక చూడాలి. పనిచెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. కానీ రేపు డాక్టరమ్మతో ముందు ఈ మాట చెప్పండి. ఇది చెప్పకుండా మాత్రం పెద్ద మందు రాయించుకోకండి." ఆవిడ గొంతు తగ్గించింది. "మాత్ర మింగడం రాని పెద్దవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. సిగ్గుపడకండి. తల వెనక్కి వాల్చకండి. మాత్ర నాలిక మీద పెట్టుకుని, మెత్తటి ప్లాస్టిక్ సీసాకి పెదాలు గట్టిగా ఆన్చి, నీళ్ళు పీలుస్తూ మింగండి. దాని దారి అది చూసుకుంటుంది."

షాపు మెట్లు దిగుతుంటే అతనికి ఒళ్ళు తేలికైంది. తిండి తప్పు కాదు. భార్య చేతి పిండి తప్పు కాదు. మాత్ర తప్పు కూడా కాకపోవచ్చు. రేపు నిజం చెబితే డాక్టరమ్మ ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. మంగళవారం కాకపోయినా, సంతకం ఎప్పటికైనా రావచ్చు. దూరంగా క్రేను చెయ్యి మళ్ళీ తిరుగుతోంది. "ఊగనివ్వకురా, నెమ్మదిగా ఆపు" అని దానితో పైకే అనేశాడు.

రెండో సందు మలుపు తిరిగేసరికి ఆ తేలికదనం ఉన్నపళాన దిగిపోయింది. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలి? భార్యకి చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని అడుగుతుంది. ఆ మాట పడొచ్చు. కానీ అక్కకి? 'అక్కా, నలభై ఒక్క రోజులు నువ్వు ప్రేమగా కలిపి పెట్టిన ముద్దే నన్ను మళ్ళీ రక్తంలో పడేసింది' అని ఏ నోటితో చెప్పడం?

* * *

ఇంటి గుమ్మంలో అక్క సంచీ కనబడింది. కట్టేసి ఉంది.

నడిగదిలో భార్య నిలబడి ఉంది. వంటింట్లో సామానంతా బయటపెట్టి తోమినట్టుంది, మోచేతుల దాకా తడి. ఆ చేతిలో రెండు చెంచాలు. చెంచాల వీపుల మీద ఇటుకరంగు పొడి అంటుకుని ఉంది.

"వచ్చారా? మీరే అడగండి. బియ్యం డబ్బా వెనక, వదిన తువాలులో చుట్టి ఉన్నాయివి. ఏమిటిదని ఇందాకట్నుంచి అడుగుతున్నాను. ఉలకరు, పలకరు."

అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి మెల్లగా తల అడ్డంగా ఊపింది. 'చెప్పకు' అన్నట్టు. మాటిచ్చింది కదా మరి.

"నెలక్రితం ఎవరో ఆకుపొడి ఇస్తారని, తెప్పిస్తానని అన్నారు మీరు," అంది భార్య వదినతో. "వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. డాక్టరు రాయనిది ఒక్క చిటికెడు కూడా వద్దన్నాను. సరేనన్నారు. నా వెనక ఇదా మీరు చేసింది? నేను నా చేతుల్ని అనుమానించుకుంటూ చస్తుంటే, మీరు చాటుగా..."

"అమ్మాయ్, అంత మాటనకు."

"మరి ఇదేమిటో చెప్పండి!"

పైవాడి చెయ్యి జేబు మీదికి పోయింది. ఒక్క మాట. 'అది నా మాత్ర పొడి, నేనే నూరమన్నాను.' ఇంతే. జేబులో కొత్త డబ్బా ఉంది. తీసి చూపిస్తే చాలు. కానీ చూపిస్తే ఆ వెంటనే షాపావిడ చెప్పిందీ చెప్పాలి. చెబితే అక్క ముఖం ఏమైపోతుందో అతనికి కళ్ళకి కట్టింది. భార్య ముందు తను ఏమైపోతాడో అదీ కళ్ళకి కట్టింది. నిజానికి ఈ రెండోదే ముందు కట్టింది.

అతను జేబు మీంచి చెయ్యి తీసేశాడు.

అక్క ఒక్క క్షణం ఆగి చూసింది. తర్వాత సంచీ అందుకుంది.

"నేనే పెట్టాను. ఏం పెట్టానో అడక్కు. వాడికి మంచే జరుగుతుందనుకున్నాను."

"వదినా!"

"ఏడున్నరకి బస్సుంది. ముందే వెళ్ళి కూర్చుంటాను. మా ఆయన కూడా ఎన్నాళ్ళని హోటల్లో తింటారు?"

పైవాడు ఒక అడుగు ముందుకి వేశాడు. సరిగ్గా అప్పుడే కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు మెలి తిరిగింది. అది జబ్బో పిరికితనమో అతనికే తెలియదు. స్నానాలగదిలోకి పరిగెత్తాడు. అక్క గొంతు తలుపు దాకా వచ్చింది.

"తమ్ముడూ, వెళ్ళొస్తా. తిని పడుకో. రాత్రి మాత్ర మర్చిపోకు."

గేటు చప్పుడు కూడా అతను ఈ తలుపు వెనకే విన్నాడు.

* * *

బయటికి వచ్చేసరికి భార్య కడిగిన గిన్నెల మధ్య నేల మీద కూర్చుని ఉంది.

"ఇంకో సంగతి చెప్పాలి. వదిన ఉండగా చెప్పలేకపోయాను. నిన్న బేకరీలో చెప్పేశాను, ఇక రానని."

"ఏమిటీ?"

"ఎంత కడిగినా గోళ్ళలో పిండి ఉంటోందేమో అనిపించింది. జుట్టులో ఉంటోందేమో. మీ అన్నం నేను కలిపిన ప్రతిసారీ భయమే. మొన్న గురువారం రక్తం అనగానే ఇక నావల్ల కాలేదు." ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. "తొమ్మిదేళ్ళండీ. పోయిన నెలే పెద్దను చేశారు. పోనీలెండి. రేపట్నుంచి మీ తిండీ, మీ మందూ అన్నీ నేనే చూసుకుంటాను."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. అతను ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"నీతో ఒక మాట..."

"నాన్నా!" గుమస్తా పుస్తకంతో వచ్చింది. ఆమె ముఖం కూడా చిన్నబోయి ఉంది. "అత్త వెళ్ళిపోయిందిగా. మరి రాత్రి మాత్రలు ఎవరు నూరతారు?"



"ఏం నూరడం?" అంది భార్య.

"మాత్రలే. అత్త చెంచాలతో నూరి అరటిపండులో పెడుతుందిగా. నేను రోజూ రాస్తున్నా కదమ్మా! నువ్వు చూళ్ళేదూ?"

భార్య పుస్తకం అందుకుంది. ఈ నలభై ఒక్క రోజులూ ఆ పుస్తకాన్ని ఆమె చదవని రోజు లేదు. వదిన చదివింది, అతను చదివాడు, డాక్టరమ్మ కూడా పేజీలు తిప్పింది. అందరూ చదివింది రెండో గడి. ఏం తిన్నాడు, ఏం తిన్నాడు, ఏం తిన్నాడు. చివరి గడి వైపు ఎవరి కన్నూ పోలేదు. ఆమె వేలు ఇప్పుడు ఆ గడి మీదుగా కిందికి జారింది.

'రెండు మాత్రలు. అత్త నూరి ఇచ్చింది.' మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒక రోజు మాత్రం, 'రెండు మాత్రలు. అత్త నూరింది. నాన్న నవ్వాడు' అని ఉంది.

"నువ్వు కాసేపు మెట్ల మీద కూర్చో తల్లీ," అంది భార్య. పిల్ల వెళ్ళేదాకా ఆగింది. "ఎవరు నూరమన్నారు?"

"నేనే అడిగాను. నాకు మింగడం రాదు. చిన్నప్పట్నుంచీ రాదు. నీతో చెప్పడానికి సిగ్గేసింది."

"నూరొచ్చా దాన్ని?"

అతను జేబులోంచి డబ్బా తీశాడు. షాపావిడ మాటలన్నీ వరసగా చెప్పాడు. చెబుతుంటే ఇంతసేపూ ఎందుకు చెప్పలేకపోయాడో అతనికే అర్థం కాలేదు. అంత చిన్న సంగతి.

"అంటే ఇందాక ఇంట్లోకి వచ్చేటప్పటికే మీకు తెలుసు."

అతను డబ్బాని నేల మీద పెట్టాడు.

"వదినని నేను నానా మాటలంటుంటే మీకు తెలుసు. ఆవిడ సంచీ ఎత్తుకుంటుంటే తెలుసు."

"అక్క చెప్పొద్దని సైగ..."

"ఆవిడ మీ మాట నిలబెట్టింది. మీరు ఆవిణ్ణి నిలబెట్టారా?" ఆమె కేకలు పెట్టలేదు. పెడితే బావుండుననిపించింది అతనికి. "నలభై ఒక్క రోజులు నా చేతులు నేనే వాసన చూసుకున్నానండీ. పిల్లకి జడ వెయ్యాలన్నా కడుక్కుని వేశాను. మీ పక్కన పడుకోవాలంటే భయం, దుప్పటికి పిండి అంటుతుందేమోనని. మీరు కిటికీ దగ్గర ఒక్కరే తింటున్నారని నేను వంటింట్లో నిలబడి తిన్నాను. మీరొక్కరే ఒంటరిగా ఉన్నారనుకున్నారా ఈ ఇంట్లో?"

ఆ సంగతి అతనికి తెలియదు. ఆమె ఎక్కడ తింటోందో అతను ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె లేచింది. ఎప్పటిలాగే అతని అలమార తెరిచింది. అన్నం, గుడ్డు, క్యారెట్టు కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. నీళ్ళసీసా పెట్టింది. ఆ పక్కన రెండు మాత్రలు, నున్నగా, ఉన్నవి ఉన్నట్టే పెట్టింది. తర్వాత తన కంచంలో ఇంత వడ్డించుకుని పడకగదిలోకి వెళ్ళింది. లోపల గడియ పడింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆ గడియ చప్పుడు అతను వినడం ఇదే మొదలు.

అక్కకి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. మాత్ర నాలిక మీద పెట్టుకున్నాడు. సీసాకి పెదాలు ఆన్చాడు. తల వాల్చలేదు. వెనక వీపు మీద అక్క చెయ్యి లేదు, ఎదురుగా నర్సు లేదు. నీళ్ళు పీల్చాడు. ఒకటి దిగిపోయింది. నమ్మలేక నాలికతో వెతుక్కున్నాడు. లేదు. రెండోది పెట్టుకున్నాడు. అదీ దిగింది. నలభై ఏళ్ళకి మాత్ర మింగడం వచ్చింది, చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పడకగది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"మింగాను," అన్నాడు తలుపుతో. "రెండూ మింగాను. నూరకుండా."

లోపల చెంచా చప్పుడు ఆగింది.

"ఆ మాట మీ అక్కకి చెప్పి రండి," అంది తలుపు వెనక నుంచి. "అది కూడా ఆవిడ ముఖం చూసి చెప్పండి. రేపు డాక్టరు దగ్గరికి నేను రావాలో వద్దో ఆ తర్వాత చూద్దాం."

గోడ గడియారం ఏడూ ఐదు చూపిస్తోంది. బస్సు ఏడున్నరకి. బస్టాండుకి గబగబా నడిస్తే ఇరవై నిమిషాలు. ఆ దారిలో అవసరానికి తట్టగల తలుపులెన్నో అతనికి కంఠతా వచ్చు. మామూలు రోజుల్లో నాలుగు. ఆదివారం సాయంత్రం ఒక్కటీ తెరిచి ఉండదు.

కడుపులో మళ్ళీ మెలి మొదలైంది. ఒక పక్క స్నానాలగది తలుపు తెరిచే ఉంది. ఇంకో పక్క వీధి తలుపు. మెట్ల మీద కూతురు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అతని వంకే చూస్తోంది, ఆఖరి గడిలో ఏం రాయాలో తెలియక.

పైవాడు గోడ పట్టుకుని నిలబడి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.